వేసవిలో పాలసీ ఇంటర్న్‌షిప్: ఢిల్లీ వెళ్లాలా, హైదరాబాద్‌లో ఉండాలా, జిల్లాకు దిగాలా?

మార్చి రెండో వారంలో మా మేనకోడలు ఫోన్ చేసింది. ఎమ్మే ఎకనామిక్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. "అత్తా, రెండూ వచ్చాయి. దేనికి సరే అనమంటావ్?" అంది. ఒకటి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయం. ఆరు వారాలు, పైసా ఇవ్వరు. రెండోది హైదరాబాద్‌లో ఓ చిన్న పరిశోధన సంస్థ. రెండు నెలలు, నెలకు ఎనిమిది వేలు. మా అన్నయ్య అప్పటికే తీర్పు చెప్పేశాడట: "మూడు సింహాల బొమ్మున్న సర్టిఫికెట్ వస్తుంటే ఎనిమిది వేలకు ఆశపడతావేంటే!"

"రెండు చోట్లా నువ్వు రాసింది ఎవరు చదువుతారో కనుక్కున్నావా?" అని అడిగాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. "అలా కూడా అడగొచ్చా?" అంది చివరికి.

అడగొచ్చు. అడగాలి కూడా. నేను పదేళ్లుగా పాలసీ పరిశోధనలో, అంటే ప్రభుత్వ విధానాలు ఎలా పనిచేస్తున్నాయో అంకెలతో చూసే పనిలోనే ఉన్నాను. ఏటా జనవరి వచ్చిందంటే ఇంటర్న్‌షిప్ దరఖాస్తులు చదివే బాధ్యత నా నెత్తినే పడుతుంది. పిల్లలు సంస్థ పేరు చూస్తారు, ఊరు చూస్తారు, డబ్బులు చూస్తారు. ఈ మూడూ చూడాల్సినవే. కానీ వేసవి అయ్యాక చేతిలో ఏం మిగిలిందో తేల్చేది మాత్రం మీరు రాసిన కాగితం మీద పెన్ను పెట్టే ఆ ఒక్క మనిషి. నాకు తెలిసిన దారులన్నీ ఆ ఒక్క కొలతతోనే కొలిచి చెబుతాను.

అక్కడ చేసే పనేంటి

పాలసీ రీసెర్చ్ అనగానే మంత్రిగారికి సలహాలివ్వడమే అనుకుని వచ్చేవాళ్లున్నారు. మొదటి రెండు వారాలు ఎక్సెల్‌తోనే తెల్లారిపోతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 2015-16లో 60.7 శాతం. 2019-21 సర్వేకి వచ్చేసరికి 70 శాతం. "ఏ జిల్లాల్లో ఎక్కువ పెరిగిందో రెండు పేజీల్లో రాసివ్వు" అన్నారనుకోండి. తేలికే కదా, రెండు సర్వేల్లోనూ జిల్లాల వారీ పట్టికలున్నాయి అనుకుంటారు. తీరా తెరిచి చూస్తే మొదటి దాంట్లో తెలంగాణకు 10 జిల్లాలు, రెండో దాంట్లో 31. మధ్యలో 2016 అక్టోబర్ 11న జిల్లాల విభజన జరిగిపోయింది. 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. సరే, కొత్త జిల్లాలన్నింటినీ పాత జిల్లాల కిందకు చేర్చి చూద్దామని వికారాబాద్‌ను తీసుకెళ్లి రంగారెడ్డి కింద వేస్తారు. కానీ కొడంగల్, దౌల్తాబాద్, బొంరాస్‌పేట మండలాలు మహబూబ్‌నగర్ నుంచి వచ్చి వికారాబాద్‌లో కలిసినవి. అక్కడితో లెక్క చెడింది. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ రెండు సర్వేల్లోనూ రక్తం వేలి కొన నుంచి తీశారు. నరం నుంచి తీసి పరీక్షిస్తే అంకె మారుతుందనే వాదన వైద్య పరిశోధకుల్లో గట్టిగానే ఉంది.

ఈ చిక్కుముడి విప్పడానికి ఒక ఇంటర్న్‌కు వారం పడుతుంది. విప్పాక రాసేది రెండే పేజీలు. ఆ రెండు పేజీలు చదివి "మరి కొడంగల్ సంగతేంటి?" అని ఎవరైనా అడిగారా, మీకు పని వచ్చినట్టే. ఎవరూ అడగలేదా, తప్పుడు లెక్కకే స్పైరల్ బైండింగ్ చేయించి, ఇచ్చేసి, రైలెక్కుతారు. ఆంధ్రప్రదేశ్ మీద పని చేసేవాళ్లు ఈ విషయంలో కొంత అదృష్టవంతులు. ఆ రెండు సర్వేల్లోనూ 13 జిల్లాలే. అక్కడ కొత్త జిల్లాలు వచ్చిన 2022 ఏప్రిల్ 4 తర్వాతి అంకెలు చేతికొచ్చినప్పుడు వాళ్లకూ ఇదే పాట్లు.

ఢిల్లీ: బొమ్మ పెద్దది, బల్ల దొరకడమే కష్టం

ఢిల్లీ అనగానే అందరి నోటా మొదట వచ్చే పేరు నీతి ఆయోగ్. 2015 జనవరి 1న ప్రణాళికా సంఘం స్థానంలో వచ్చింది కాబట్టి, ప్రణాళికల కాలం నాటి గౌరవమంతా వారసత్వంగా వచ్చేసింది. దరఖాస్తులు ప్రతి నెలా 1 నుంచి 10వ తేదీ దాకా ఆన్‌లైన్‌లో తీసుకుంటారు. కనీసం ఆరు వారాలు, గరిష్ఠంగా ఆరు నెలలు. స్టైపెండ్ లేదు. ల్యాప్‌టాప్ మీదే తెచ్చుకోవాలి, కాలేజీ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి.

డిగ్రీ వాళ్లయితే రెండో సంవత్సరం పూర్తవ్వాలి, ఇంటర్‌లో 85 శాతం ఉండాలి. పీజీ వాళ్లకు మొదటి సంవత్సరం అయిపోయి, డిగ్రీలో 70 శాతం ఉండాలి. ఈ ఇంటర్ మార్కుల దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. మన దగ్గర వెయ్యికి 850 అంటే కార్పొరేట్ కాలేజీ ఎంపీసీ పిల్లలకు లెక్కే కాదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో హెచ్‌ఈసీ చదివి, తర్వాత డిగ్రీలో ఎకనామిక్స్ మీద ప్రేమ పుట్టిన పిల్లకి ఆ గీత దగ్గరే తలుపు మూసుకుంటుంది. నిజానికి ఊళ్లో రేషన్ దుకాణం ఎలా నడుస్తుందో తెలిసింది ఆ పిల్లకే. అలాంటివాళ్లు పీజీలో చేరాక డిగ్రీ మార్కులతో రావచ్చు. అప్పటిదాకా మిగతా దారులు చూసుకోవాలి.

అక్కడ చేసే పని మంచిదే. సుస్థిర అభివృద్ధి సూచీ, బహుముఖ పేదరిక సూచీ, ఆకాంక్షిత (అంటే వెనకబడినవిగా గుర్తించిన) జిల్లాల ర్యాంకులు వెలువడేది ఆ భవనం నుంచే. 2018లో మొదలైన ఆ 112 జిల్లాల జాబితాలో మన ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం ఉన్నాయి. ఆంధ్ర నుంచి మొదట ఎంపికైనవి విశాఖ, విజయనగరం, కడప. ఆ జిల్లాలో పుట్టి పెరిగిన విద్యార్థి ఆ విభాగంలో కూర్చుంటే, అంకె వెనక ఊరు కనిపిస్తుంది. దరఖాస్తులో ఆసక్తి ఉన్న విభాగం రాసేచోట ఇలాంటి సంబంధం ఏదైనా ఉంటే తప్పకుండా రాయండి.

ఇక నా సొంత గొడవ. పీజీలో ఉండగా నేనూ ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. ఏదని చెప్పను. మొదటి నాలుగు రోజులు గేటు పాసుకే సరిపోయాయి. రోజూ రిసెప్షన్‌లో ఆధార్ చూపించి, పైనుంచి ఫోన్ వచ్చేదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని. కూర్చోవడానికి చోటు దొరికేసరికి రెండో వారం. నన్ను చూడాల్సిన అధికారి శిక్షణకు వెళ్లారు, ఆయన బదులు వచ్చినాయనకు నేనెవరో తెలియదు. అయినా పట్టు వదలకుండా నలభై పేజీల నివేదిక రాశాను. సెక్షన్‌లో ఒకాయన అందుకుని, బరువు చూసినట్టు చేతిలో ఒకసారి ఎగరేసి, "బాగుంది" అని బీరువాలో పెట్టారు. సర్టిఫికెట్ చక్కగా వచ్చింది. ఆర్నెల్ల తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో "ఆ ఆరు వారాల్లో ఏం కనిపెట్టారు?" అని అడిగితే, నోరు పెగల్లేదు. నలభై పేజీల్లో ఒక్క వాక్యాన్ని కూడా ఎవరూ ప్రశ్నించలేదు కాబట్టి ఏ వాక్యం నిలబడుతుందో నాకే తెలియదు.

అదే భవనంలో రెండంతస్తుల పైన నా స్నేహితురాలు పడింది. ఆమెకు దొరికిన డైరెక్టర్ రోజూ సాయంత్రం ఐదున్నరకు పిలిచి పావుగంట కూర్చోబెట్టుకునేవారు. ఆమె రాసిన ఒక పేరా సవరణలతో సహా అసలు ఫైల్లోకి ఎక్కింది. ఒకే భవనం, ఒకే సర్టిఫికెట్. కాబట్టి ఢిల్లీ మంచిదా చెడ్డదా అన్న వాదన నా దగ్గర పెట్టకండి. ఏ అంతస్తు, ఎవరి గది అన్నదే అసలు సంగతి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రభుత్వ కార్యాలయంలో చేసిన పనిని అనుమతి లేకుండా బయట చూపించలేరు. తర్వాత ఎక్కడ దరఖాస్తు చేసినా "మీరు రాసిన నమూనా ఒకటి పంపండి" అంటారు. సర్టిఫికెట్ ఉంటుంది, నమూనా ఉండదు. చేరిన వారంలోనే "ఇందులో బహిరంగ డేటాతో చేసిన భాగాన్ని నా పేరుతో వాడుకోవచ్చా?" అని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

రిజర్వ్ బ్యాంకు: అర్హత ఉంటే రెండో ఆలోచన వద్దు

దీని గురించి ఎక్కువ చెప్పను, చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఏటా గరిష్ఠంగా 125 మందిని తీసుకుంటారు. నెలకు 20,000 రూపాయల స్టైపెండ్. ఏప్రిల్ నుంచి మూడు నెలల లోపు. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, కామర్స్, ఫైనాన్స్, మేనేజ్‌మెంట్ పీజీ చదివేవాళ్లు, ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుల వాళ్లు, లా విద్యార్థులు వేసుకోవచ్చు. చివరి సంవత్సరానికి ముందు సంవత్సరంలో ఉండాలి. మామూలు డిగ్రీ వాళ్లకు కుదరదు. హైదరాబాద్ కార్యాలయం సైఫాబాద్‌లో సచివాలయం ఎదురుగా ఉంది.

పిల్లలు పోగొట్టుకునేది తేదీల దగ్గర. వేసవి ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తులు అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య దాకా తీసుకుంటారు. దసరా సెలవుల్లో ఎవరికి వేసవి గుర్తొస్తుంది చెప్పండి. ఫిబ్రవరిలో నా దగ్గరకు వచ్చి "మేడమ్, ఆర్‌బీఐకి ఎలా వేయాలి?" అని అడిగేవాళ్లు ఏటా నలుగురైదుగురు ఉంటారు. అప్పటికి అక్కడ ఇంటర్వ్యూల కాలం నడుస్తుంటుంది.

గోప్యత నియమాలు ఇక్కడ ఇంకా గట్టివి. అయినా ఒక నిర్ణీత ప్రాజెక్టు ఇస్తారు, చివర్లో నివేదిక ఇవ్వాలి, చూసే అధికారి ఉంటారు. నా కొలతకు ఇది నిలబడుతుంది.

పనిలో పనిగా ఒక మాట. పీఎం ఇంటర్న్‌షిప్ పథకాన్ని కూడా చాలామంది ఇదే గాటన కట్టేస్తున్నారు. 2024 బడ్జెట్‌లో ఆ పథకాన్ని ప్రకటించింది పెద్ద కంపెనీల్లో ఏడాది పాటు పని చేయడానికి. మొదలైనప్పుడు నెలకు 5,000 అన్నారు. రెగ్యులర్‌గా చదువుకుంటున్నవాళ్లు అప్పుడు దానికి అర్హులే కారు. పేరులో పీఎం ఉన్నంత మాత్రాన అది పాలసీ పని అయిపోదు.

హైదరాబాద్: ఇంట్లో ఉన్న బావిని వదిలేసి

మన పిల్లలకు ఒక బలహీనత ఉంది. దేశం నలుమూలల నుంచి అధికారులు శిక్షణకు, పరిశోధకులు పనికి వచ్చే సంస్థలు సిటీ బస్సు దూరంలో ఉంటే, వాటిని దాటుకుని రైల్వే స్టేషన్‌కు వెళ్తారు.

బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో సెస్ ఉంది. అంటే సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్, 1980లో పెట్టారు. వ్యవసాయం, పేదరికం, రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ మీద ఆసక్తి ఉంటే మొదట చూడాల్సింది ఇదే. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఉంది. 1958లో ముస్సోరీలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు తరలింది. పంచాయతీ నిధులు, ఉపాధి హామీ, స్వయం సహాయక సంఘాలు అక్కడి సబ్జెక్టులు. రాజ్‌భవన్ రోడ్డులో బెల్లా విస్టా భవనంలో ఆస్కీ ఉంది. అంటే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా, 1956లో పెట్టారు. అక్కడ ప్రభుత్వ శాఖల కోసం చేసే మదింపు అధ్యయనాలు ఎక్కువ, తీరు కొంచెం కన్సల్టెన్సీ తీరు. నివేదికకు గడువుంటుంది, దాని కోసం ఎదురుచూసే శాఖ ఉంటుంది కాబట్టి మీ డ్రాఫ్ట్ ఎవరో ఒకరు చదివి తీరాలి. ఇవి కాక, ఎన్నికల సంస్కరణలు, స్థానిక పాలన, పోలీసు, న్యాయవ్యవస్థ లాంటివి ఇష్టమైతే జయప్రకాశ్ నారాయణ్ గారి ఫౌండేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ 1996 నుంచి ఇక్కడే ఉంది.

ఇలాంటి చోట్ల పోర్టల్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటే లాభం తక్కువ. ఫలానా ప్రాజెక్టు నడుపుతున్న ఫలానా ప్రొఫెసర్‌కు రాసే మెయిలే అసలు దారి. మరో సంగతి, ప్రాజెక్టులో డబ్బుంటేనే స్టైపెండ్ ఉంటుంది, లేకపోతే ఉండదు. మొహమాటపడకుండా ముందే అడగండి. అడిగినందుకు ఎవరూ కోప్పడరు, చేరాక అడిగితేనే ఇబ్బంది.

నేను పని నేర్చుకున్నది ఇలాంటి చోటే. ఢిల్లీ నుంచి వచ్చాక ఇక్కడ ఓ చిన్న సంస్థలో చేరాను. అక్కడి పెద్దావిడ నా రెండు పేజీల నోటును నాలుగుసార్లు వెనక్కి పంపారు. మొదటిసారి "మహిళల పరిస్థితి ఆందోళనకరంగా ఉంది" అన్న వాక్యం చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పక్కన రాశారు: "ఎవరికి ఆందోళన? ఎంతమంది మహిళలు? ఎప్పటి నుంచి?" నాలుగోసారికి ఆ వాక్యం పోయి, ఒక అంకె, ఒక సంవత్సరం, ఒక జిల్లా పేరు మిగిలాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. సింహాల బొమ్మ సర్టిఫికెట్ ఎక్కడుందో వెతకాలి.

చట్టాలు, బిల్లుల వైపు మనసు లాగేవాళ్లకు ఢిల్లీలోనే ప్రభుత్వం బయట ఉన్న సంస్థ పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్, 2005 నుంచి ఉంది. అక్కడ రాసే బిల్లు సారాంశాలు, రాష్ట్రాల బడ్జెట్ విశ్లేషణలు మన రెండు రాష్ట్రాల మీదా ఏటా వస్తాయి. అక్కడికి వెళ్లినా వెళ్లకపోయినా అవి చదవండి. ఒక్క విశేషణం లేకుండా బడ్జెట్ గురించి ఎలా రాయొచ్చో తెలుస్తుంది. ఎంపీల దగ్గర పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్ వాళ్లదే. 2010లో మొదలైంది. కానీ అది వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా నడిచే పూర్తికాలపు పని, డిగ్రీ అయ్యాక చూసుకునేది. వేసవి సెలవుల్లో ఇమడదు.

జిల్లా: తెలుగు వచ్చినవాళ్ల సొంత మైదానం

అందరూ చిన్నచూపు చూసే దారి ఇది. నాకు మాత్రం దీని మీద పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకానికి సామాజిక తనిఖీ ఎలా చేయాలో దేశానికి చూపించింది కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశే. దాని కోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే 2009లో ఏర్పాటు చేశారు. తనిఖీ అంటే ఏమిటో ఒక్కసారి దగ్గరుండి చూస్తే చాలు. బృందం ఊళ్లో దిగి, మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. కాగితంలో ఉన్న పని దినాలు, మనిషి చెప్పే పని దినాలు పక్కపక్కన రాసుకుంటుంది. తర్వాత గ్రామసభ, ఆ తర్వాత మండలంలో అందరి ముందూ విచారణ జరిపే ప్రజావేదిక.

ఒక ఊళ్లో మాతో వచ్చిన ఇంటర్న్ ఒకావిడ జాబ్ కార్డు తెరిచి, "అమ్మా, మార్చిలో పన్నెండు రోజులు పనికెళ్లావంట కదా" అని చదివింది. ఆవిడ చేట పక్కన పెట్టి వేళ్లు లెక్కపెట్టుకుంది. "మార్చిలోనా? నా కూతురు పురుటికొచ్చింది గదా. నేను గడప దాటితే గదా పనికి పోయేది!" అంది. ఆ ఇంటర్న్ నా వైపు చూసింది. రాయాలా వద్దా అని. రాయమన్నాను, తేదీతో సహా. ఆ తర్వాత డబ్బు పడిందా, పడితే ఏ ఖాతాలో పడింది, వేలిముద్ర ఎవరిది అన్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క జవాబులోంచి పుట్టుకొచ్చాయి. ఏ ఢిల్లీ డేటాసెట్‌లోనూ ఆ చేట కనిపించదు.

తెలుగు మీడియంలో చదువుకున్నామని బెరుకుపడే పిల్లలకు ఇక్కడ ఎదురుండదు. అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడడం, పంచాయతీ కార్యదర్శి దగ్గర రిజిస్టర్ అడిగి తీసుకోవడం, సర్పంచ్ గారి భర్త సర్పంచ్ బదులు సమాధానం చెబుతుంటే నొప్పించకుండా ఆవిడ వైపు తిరిగి అడగడం, ఇవన్నీ విద్యలే. వీటికి మార్కులుండవు గానీ విలువ ఉంది.

కలెక్టరేట్‌లో చేసే ఇంటర్న్‌షిప్ కూడా ఈ కోవలోదే, కానీ కొంచెం జూదం. ఆసక్తి ఉన్న కలెక్టర్ దొరికితే జిల్లా సమీక్ష సమావేశంలో వెనక వరుసలో కూర్చోబెడతారు, సాయంత్రానికి ఒక శాఖ అంకెలు చేతికిచ్చి "ఇందులో ఏం తేడా ఉందో చెప్పు" అంటారు. అంతకన్నా మంచి బడి లేదు. మధ్యలో బదిలీ ఉత్తర్వులు వచ్చాయా, కొత్తవారు వచ్చేసరికి మీ వేసవి అయిపోతుంది. వెళ్లేటట్టయితే కలెక్టర్ ఒక్కరినే నమ్ముకోకుండా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో ఒకరితో కూడా మాట్లాడి పెట్టుకోండి. గణాంకాలు ఉండేది అక్కడే, బదిలీల హడావుడి తక్కువా అక్కడే.

ఆంధ్రలో డిగ్రీ చదివేవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, మొదట పెట్టినప్పుడు అన్నీ కలిపి పది నెలలు. మొదటి సంవత్సరం తర్వాత చేసేది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. చాలా చోట్ల దీన్ని మొక్కుబడిగా కానిచ్చేస్తున్నారు, డబ్బు కడితే ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ ఇచ్చే దుకాణాలూ వెలిశాయి. ఆ డబ్బు మీ ఊరి వంద ఇళ్లకు సర్వే ఫారాల జిరాక్సులకు పెట్టండి. మా దగ్గరకొచ్చిన దరఖాస్తుల్లో నేను మొదటిసారి చదివి, మళ్లీ వెనక్కి తిప్పి చదివింది ఒక డిగ్రీ అమ్మాయి తన వీధిలో తాగునీటి కుళాయిల మీద రాసిన ఆరు పేజీలు. చేతిరాతతో వేసిన వీధి పటం కూడా ఉంది అందులో.

డబ్బులు, పరీక్షలు

స్టైపెండ్ లేని ఢిల్లీకి ఎంతవుతుందో నేను వేసిన లెక్క ఇది. పేయింగ్ గెస్ట్ హాస్టల్‌లో షేరింగ్ గది నెలకు పది పన్నెండు వేలు, ఆరు వారాలకు పదిహేడు వేల దాకా. తిండికి ఎనిమిది వేలు. మెట్రో, ఆటోలు, ఫొటోస్టాట్లు మూడు వేలు. థర్డ్ ఏసీలో రానుపోను నాలుగు వేలు. మొత్తం ముప్పై రెండు వేలకు తగ్గదు. జూన్ ఎండలో జబ్బు పడితే అది వేరే. ఆదివారం ఆంధ్రభవన్ క్యాంటీన్‌లో పప్పు, గోంగూర పచ్చడి తింటే ఆ పూటకు ఊరట, అంతే. ఇంట్లో ఆ సొమ్ము అప్పు చేయకుండా ఇవ్వగలిగితేనే ఢిల్లీ గురించి ఆలోచించండి. అప్పు చేసి ఉచితంగా పని చేయడానికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను, ఎంత పెద్ద భవనమైనా సరే.

పరీక్షల సంగతి దీనికంటే ముందే చూసుకోవాలి. ఢిల్లీ వాళ్ల వేసవి మేలో మొదలవుతుంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్ పరీక్షలు జూన్, జులైలోకి జారడం మామూలే. మే 15న చేరతానని రాసిచ్చి, టైం టేబుల్ మారిందని జూన్ మొదటి వారంలో వెనక్కొచ్చినవాళ్లను చూశాను. సగంలో వదిలేస్తే సర్టిఫికెట్ రాదు, ఖర్చు పోతుంది, మీకు సిఫారసు చేసిన లెక్చరర్ మాట పోతుంది. తేదీలు తేలని కోర్సుల వాళ్లు హైదరాబాద్ వైపో సొంత జిల్లా వైపో మొగ్గడం మేలు. అక్కడ "పరీక్షల వారం సెలవు కావాలి" అంటే అర్థం చేసుకుంటారు, వాళ్లూ ఆ విశ్వవిద్యాలయాల్లో చదివినవాళ్లే.

మెయిల్‌లో ఏం రాయాలి

"గౌరవనీయులైన సర్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో నేర్చుకునే అవకాశం కల్పించగలరు" అని మొదలయ్యే మెయిళ్లు నాకు రోజుకు పది వస్తాయి. వాటిలో సంస్థ పేరు మార్చితే ఎక్కడికైనా పంపొచ్చు, పంపారు కూడా. ఒకదాంట్లో పాత సంస్థ పేరు మార్చడం మర్చిపోయారు.

నాలుగు వాక్యాలు చాలు. వాళ్లు రాసిన ఒక పత్రం పేరు, అందులో మీకు అర్థం కాని లేదా ఒప్పుకోలేని ఒక విషయం. మీకు వచ్చిన పని ఏమిటి: ఎక్సెలా, గణాంకాలకు వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ భాషా, తెలుగులో ఇంటర్వ్యూలా. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఖాళీ. చివరగా, మీ పనిని ఎవరు చూస్తారు, ఎన్నాళ్లకోసారి అన్న ప్రశ్న. దానితో రెండు పేజీల నోటు జతచేయండి, పైన చెప్పిన రక్తహీనత లెక్క లాంటిది ఏదైనా. ఆ నోటు లేని మెయిల్‌కు, ఉన్న మెయిల్‌కు మధ్య తేడా ఎంతంటే, మొదటిదానికి నేను జవాబిస్తాను, రెండోదానికి ఫోన్ చేస్తాను.

మా మేనకోడలు రెండు చోట్లకూ ఆ ప్రశ్న పంపింది. ఢిల్లీ నుంచి ఐదో రోజు ఒక వాక్యం వచ్చింది: చేరిన తర్వాత అధికారిని కేటాయిస్తాం. హైదరాబాద్ నుంచి అదే సాయంత్రం జవాబు. చూసే ఆవిడ పేరు, సోమ, గురువారాల్లో గంట చొప్పున కూర్చుంటామన్న మాట, కిందటేడాది ఇంటర్న్ రాసిన నోటు, దాని మీద ఆవిడ పెట్టిన ఎర్ర గీతలతో సహా. ఢిల్లీ వాళ్లు కూడా ఒక పేరు, ఒక రోజు చెప్పి ఉంటే, మా అన్నయ్య ఖర్చు భరించగలడు కాబట్టి, అటే వెళ్లమనేదాన్ని.

అన్నయ్య ఇంకా అలకపాన్పు దిగలేదు. అమ్మాయి చేరి మూడు వారాలైంది. నిన్న రాత్రి పదిన్నరకు మెసేజ్ పెట్టింది: "అత్తా, ములుగు మొత్తం భూపాలపల్లిలోంచే వచ్చిందా? గురువారం లోపు తేల్చాలి."